రక్తంలో కాల్షియం నార్మల్, ఎముకలు మాత్రం వీక్!

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, నెలసరి ఆగి రెండేళ్లయింది. రక్తపరీక్షలో కాల్షియం నార్మల్, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోర్ మైనస్ 2.6. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మాలండి. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది, రక్తంలో కాస్త తగ్గితే చాలు, మెడలోని చిన్న గ్రంథులు వదిలే పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల్లోంచి లాగి భర్తీ చేసేస్తుంది, అందుకే రక్తం రిపోర్టు చూసి ఎముకల సంగతి చెప్పలేం. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోయి, పాత ఎముకను కరిగించే కణాలు జోరందుకుంటాయి, కొత్తది కట్టే కణాలు వాటిని అందుకోలేవు. మొదటి కొన్నేళ్లలోనే నష్టం ఎక్కువ. టి-స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకల సాంద్రతతో మీదాన్ని పోల్చి ఇచ్చే అంకె; అది మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి వెళ్తే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కిందే లెక్క. కాల్షియం మాత్రలతో సరిపెట్టుకోకండి (చాలామంది చేసేది అదే). విటమిన్ డి, పారాథైరాయిడ్ పరీక్షల గురించి, ఎముక మందుల గురించి డాక్టర్‌ని సూటిగా అడగండి.