లారీ క్యాబిన్‌లో చిన్న ఫ్రిజ్‌కి కరెంట్ ఎలా ఇవ్వాలి?

విజయవాడ నుంచి నార్త్ లోడ్‌లకి వెళ్లే మీ అన్నయ్య లారీలో ఫ్రిజ్ పెట్టాలన్నారు కదా, ఇంట్లో వాడే ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద నడిపే ఆలోచన వదిలేయండి, కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంట్ బాగా లాగుద్ది, ఇన్వర్టర్‌లో కొంత వేస్ట్ కూడా అవుద్ది. 12/24 వోల్ట్ డీసీ కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకోండి. 50 వాట్లదైతే 24 వోల్ట్‌ల మీద 2 ఆంప్స్ చిల్లరే, అదీ ఆగి ఆగి నడుస్తుంది.

దయచేసి లారీలో 24 వోల్ట్‌ల కోసం సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపిన రెండు 12 వోల్ట్ బ్యాటరీల్లో ఒక్కదాన్నుంచే 12 వోల్ట్ లాగొద్దు, అది దిగిపోతుంటే రెండోది ఓవర్‌చార్జ్ అయ్యి జత మొత్తం పాడైపోద్ది, ఆటోనగర్‌లో వైరింగ్ చేయించేటప్పుడు ఈ మాట గట్టిగా చెప్పండి. వైరు మందంగా ఉండాలి, ఫ్యూజ్ బ్యాటరీ దగ్గరే వేయించాలి. ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ సెట్టింగ్ (బ్యాటరీ బాగా దిగిపోకముందే ఫ్రిజ్‌ని ఆపేసేది) ఉంటే హైలో పెట్టండి, రాత్రి ఇంజన్ ఆపి పడుకున్నా పొద్దున సెల్ఫ్‌కి చార్జింగ్ మిగులుద్ది.