పైనుంచి పిలుపు: ఐస్ హాకీ రెండో లీగు మీద పాఠకుల ప్రశ్నలు

అమెరికా, కెనడాల్లో ఉంటున్న పాఠకుల నుంచీ, పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఈ ఆటను చూసిన పెద్దవారి నుంచీ ఐస్ హాకీ మీద కొన్ని ఉత్తరాలు వచ్చాయి. అడిగిన తీరు వేరైనా, దాదాపు అన్నీ పెద్ద లీగులో అడుగు పెట్టాలని చిన్న జట్లలో కాచుకుని ఉన్న కుర్రవాళ్ల గురించే కాబట్టి ఈ నెల శీర్షికను వారికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న (సీడర్ పార్క్, టెక్సాస్ నుంచి ఒక పాఠకురాలు): మాది కాకినాడ. ఆరు నెలలు ఉండిపోదామని కొడుకు దగ్గరికి వచ్చాను. మనవడు నన్ను టెక్సాస్ స్టార్స్ ఆటలకు తీసుకువెళుతుంటాడు. వాడికి బాగా ఇష్టమైన కుర్రవాడు శుక్రవారం రెండు గోల్స్ కొట్టాడు, శనివారం చూస్తే జట్టులోనే లేడు. బాగా ఆడినవాణ్ణి పంపించేయడం ఏమిటి?

జవాబు: అమ్మా, అతణ్ణి పంపించేయలేదు, పైకి పిలిపించుకుని ఉంటారు. మీరు చూస్తున్న టెక్సాస్ స్టార్స్, డల్లాస్ స్టార్స్ అనే పెద్ద జట్టుకు అనుబంధ జట్టు. డల్లాస్ ఆడేది పెద్ద లీగైన నేషనల్ హాకీ లీగులో; మీ ఊరి జట్టు ఆడేది దాని కింది మెట్టు, అంటే రెండో లీగు, 1936 నుంచి నడుస్తున్న అమెరికన్ హాకీ లీగులో. రెండు లీగుల్లోనూ ఇప్పుడు 32 జట్ల చొప్పున ఉన్నాయి, పై జట్టు ఒక్కొక్కదానికి కింద ఒక జట్టు జతగా ఉంటుంది. డల్లాస్‌లో ఎవరికైనా రాత్రి ఆటలో మోకాలు దెబ్బతింటే, తెల్లవారేసరికి సీడర్ పార్క్‌లో ఒకరి ఫోను మోగుతుంది, మూడు గంటల దారి కాబట్టి సాయంత్రానికి అతను డల్లాస్‌లో ఉంటాడు.

ఆ ఫోను ఎవరికి వస్తుందన్నది మాత్రం గోల్స్ లెక్కను బట్టి తేలదు. డిఫెన్స్‌లో ఆడేవాడు గాయపడితే ఫార్వర్డ్ ఎంత జోరుమీద ఉన్నా అతనికి పిలుపు రాదు. 2023–24 సీజనులో మీ ఊరి జట్టులోనే దీనికి మంచి ఉదాహరణ కనిపించింది. లోగన్ స్టాంకోవెన్ 47 ఆటల్లో 57 పాయింట్లు చేసి లీగులో అందరికన్నా ముందున్న సమయంలో, 2024 ఫిబ్రవరిలో, డల్లాస్ అతణ్ణి పైకి తీసుకుంది. గోల్ కొట్టినవాడికీ, ఆ గోల్‌కు పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందించినవారికీ తలొక పాయింటు వేసే లెక్క ఇది. స్టాంకోవెన్ వెళ్లాక కింద మిగిలిన మావ్రిక్ బోర్క్ 77 పాయింట్లతో సీజను ముగిసేసరికి లీగులో మొదటి స్థానంలో నిలిచి, ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అందుకున్నాడు; అయినా ఆ సీజనును దాదాపుగా మీ ఊళ్లోనే గడిపి, మరుసటి సీజనులో గాని డల్లాస్‌లో నిలదొక్కుకోలేదు. అతనిలో లోపం ఉండి కాదు, పైన ఖాళీ లేక.

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక పాఠకుడు): రంజీలో రాణించినవాణ్ణి భారత జట్టుకు ఎంపిక చేసినట్టే కదా ఇది?

జవాబు: పైకి చూస్తే అలాగే ఉంటుంది గాని, లోపలి ఏర్పాటు పూర్తిగా వేరు. హైదరాబాద్ రంజీ జట్టు భారత జట్టుకు సొంతం కాదు. హైదరాబాద్ ఆటగాడు ముంబయి ఆటగాడితో, కర్ణాటక ఆటగాడితో ఒకే ఎంపిక సంఘం ముందు పోటీపడతాడు. ఇక్కడ కుర్రవాడు ఒక్క పెద్ద జట్టుకే కట్టుబడి ఉంటాడు. ఏటా వేసవిలో జరిగే డ్రాఫ్ట్‌లో 32 జట్లూ వంతులవారీగా, ఏడు విడతల్లో, ఎక్కువగా 18 ఏళ్ల వయసువారిని, మొత్తం 224 మందిని ఎంచుకుంటాయి. ఎంచుకున్న జట్టుకే అతనితో ఒప్పందం చేసుకునే హక్కు ఉంటుంది. ఆ తరువాత అతణ్ణి పైన ఆడించాలా, కింద ఆడించాలా అన్నది ఆ జట్టు ఇష్టం. మన దేశంలో ఒక రాష్ట్రంలో వికెట్‌కీపర్లు ఎక్కువైతే ఆటగాడు పక్క రాష్ట్రానికి వెళ్లి ఆడుకోవచ్చు. ఇక్కడ పై జట్టులో తన స్థానంలో ఇద్దరు మేటి ఆటగాళ్లు దీర్ఘకాలిక ఒప్పందాలతో కూర్చుని ఉంటే, కింద ఉన్న కుర్రవాడికి కాచుకోవడం తప్ప దారి లేదు.

ఒప్పందం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కుర్రవాడి దారిని ఆటకన్నా ఎక్కువగా మలుపు తిప్పేది అదేనని నా అభిప్రాయం. మొదటి ఒప్పందం 18 నుంచి 21 ఏళ్ల వారికి మూడేళ్లపాటు ఉంటుంది. అందులో సాధారణంగా రెండు జీతాలు రాసి ఉంటాయి: పైన ఉన్న రోజులకు ఒకటి, కింద ఉన్న రోజులకు మరొకటి. 2025–26లో పెద్ద లీగు కనీస జీతం 7,75,000 డాలర్లు; సీజనులోని రోజులతో భాగిస్తే రోజుకు నాలుగు వేల డాలర్ల పైచిలుకు వస్తుంది. కింది జీతం ఏడాదికి 80,000 డాలర్లని అనుకుందాం, రోజుకు 420 డాలర్ల లోపే. పది రోజులు పైన ఉండి వస్తే, కింద మూడు నెలలు ఆడినంత సంపాదన చేతికొస్తుందన్నమాట.

ఇక కిందికి పంపే నియమం ఉంది, దాన్ని వేవర్స్ అంటారు. అనుభవం గల ఆటగాణ్ణి కింది లీగుకు పంపాలంటే, ముందు 24 గంటలు మిగిలిన జట్ల ముందు పెట్టాలి; కావాలన్న జట్టు అతణ్ణి ఉన్న ఒప్పందంతోనే తీసుకుపోవచ్చు, ఇద్దరు ముగ్గురు అడిగితే పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి హక్కు. కొత్తవారికి మాత్రం కొంతకాలం ఈ నియమం వర్తించదు; 20 ఏళ్ల వయసులో సంతకం చేసిన ఫార్వర్డ్‌కు మూడేళ్లు గడిచేదాకా, లేదా పెద్ద లీగులో 160 ఆటలు పూర్తయ్యేదాకా, ఏది ముందైతే అంతవరకు ఈ మినహాయింపు ఉంటుంది. చూడటానికి ఇది కుర్రవాడికి మేలు చేసే ఏర్పాటులా ఉంటుంది, జరిగేది దానికి తలకిందులు. శిక్షణ శిబిరం ముగిశాక 23 మందిని మాత్రమే ఉంచుకోవాల్సిన రోజు వస్తుంది. 28 ఏళ్ల ఆటగాణ్ణి కిందికి దింపితే వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు. 21 ఏళ్లవాణ్ణి దింపితే ఎక్కడికీ పోడు. శిబిరంలో ఇద్దరిలో ఎవరు బాగా ఆడారన్న ప్రశ్న అంతటితో పక్కకు పోతుంది. అక్టోబరు మొదటి వారంలో ఎన్నో ఇళ్లలో కన్నీళ్లు పెట్టించే నిర్ణయం ఇదే.

ప్రశ్న (డల్లాస్ దగ్గరి ఆలెన్ నుంచి ఒక పాఠకుడు): మా ఊళ్లో ఆలెన్ అమెరికన్స్ అనే జట్టు ఉంది. వాళ్లు మూడో లీగులో ఉన్నారట. అక్కడి నుంచి పైదాకా ఎవరైనా వెళ్లారా?

జవాబు: వెళ్లారు, కొద్దిమందే అయినా గట్టివాళ్లు వెళ్లారు. మీ జట్టు ఆడే ఈసీహెచ్‌ఎల్ 1988లో మొదలైంది. ఒక చిత్రం గమనించారా? డల్లాస్ స్టార్స్ సాధన చేసే రింక్ మీ పక్క ఊరైన ఫ్రిస్కోలోనే ఉన్నా, వారి మూడో మెట్టు అనుబంధ జట్టు మాత్రం ఎక్కడో ఐడహో రాష్ట్రంలో ఉన్న బోయిసీలో ఉంది.

యాని గోర్డ్‌ను ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోలేదు. పొట్టివాడని అందరూ వదిలేస్తే మూడో లీగులో శాన్‌ఫ్రాన్సిస్కోకూ, కలమజూకూ ఆడి, 2017–18లో, 25 ఏళ్ల వయసు దాటాక, పెద్ద లీగు జట్టు టాంపా బేలో స్థిరపడి, ఆ సీజనులోనే 25 గోల్స్ చేశాడు. పెద్ద లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పును 2020, 2021ల్లో రెండుసార్లూ గెలిచిన జట్టులో ఉన్నాడు. జొనాథన్ క్విక్ 2007–08లో రెడింగ్ అనే ఊరి జట్టుకు గోల్‌కీపర్. 2012లో లాస్ ఏంజెలెస్ కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు అతనే. ఆటగాళ్లే కాదు, శిక్షకులూ ఇదే దారిలో పైకి వస్తారు: జారెడ్ బెడ్నర్ 2009లో మూడో లీగు కప్పూ, 2016లో రెండో లీగు కప్పూ, 2022లో కొలరాడోతో స్టాన్లీ కప్పూ గెలిచాడు.

గోల్‌కీపర్ల గురించి ఒక మాట. జట్టుకు ఇద్దరే కావాలి, ఆడేది ఒక్కడే. అందువల్ల వారి నిరీక్షణ మిగిలినవారికన్నా చాలా పొడవు. జోర్డన్ బినింగ్టన్‌ను సెయింట్ లూయిస్ 2011లో ఎంచుకుంది. 2017–18లో ఆ సంస్థకు పూర్తిగా తనదనదగ్గ అనుబంధ జట్టే లేకపోవడంతో, అతణ్ణి బాస్టన్ వారి ప్రావిడెన్స్ జట్టుకు అరువిచ్చింది. 2019 జనవరి మొదటి వారంలో లీగు పట్టికలో సెయింట్ లూయిస్ అట్టడుగున ఉండగా, అతనికి మొదటిసారి ఆట ఆరంభం నుంచి గోల్ కాసే అవకాశం దక్కింది, ఆ ఆటలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అదే ఏడాది జూన్‌లో ఫైనల్ ఏడో ఆటలో, బాస్టన్‌లోనే, బాస్టన్‌ను ఓడించి కప్పు ఎత్తాడు. ఏడాది కిందట తమ కుర్రవాళ్లతో కలిసి ఆడిన అరువు గోల్‌కీపర్ చేతిలోనే ఓడిపోవడం బాస్టన్ వారికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): రెండో లీగులో గోల్స్ వర్షం కురిపించినవారు కూడా పైన కనిపించకుండా పోతారని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. అలెగ్జాండర్ జిరూ 2008–09లో హెర్షీ జట్టుకు 60 గోల్స్ కొట్టాడు; పెద్ద లీగులో అతను మొత్తం మీద ఆడినవి 48 ఆటలు. క్రిస్ బోర్క్ పెద్ద లీగు మహామహుల్లో ఒకడైన రే బోర్క్ కొడుకు, 2015–16లో రెండో లీగు ఉత్తమ ఆటగాడు. పైన ఆడినవి 51.

పై జట్టు ఒక ఆటలో ఫార్వర్డ్‌లను ముగ్గురేసి నాలుగు వరుసలుగా దింపుతుంది. మొదటి రెండు వరుసలు గోల్స్ కోసం. కిందినుంచి వచ్చేవాడికి ఖాళీ దొరికేది సాధారణంగా మూడో, నాలుగో వరుసలో. అక్కడ కావలసింది ప్రత్యర్థిని అడ్డుకోవడం, ఫౌలు చేసిన తనవాణ్ణి కాసేపు బయట కూర్చోబెట్టగా జట్టు నలుగురితో ఆడుతున్నప్పుడు కాచుకోవడం, పక్ ముందు ఒళ్లు అడ్డం పెట్టడం. కింద 60 గోల్స్ కొట్టినవాడికి పైన మొదటి వరుసలో చోటిచ్చేంత వేగం లేదని శిక్షకుడు అనుకుంటే, నాలుగో వరుసకు అతని నైపుణ్యం అక్కరకు రాదు. కాబట్టి తెలివైన కుర్రవాడు కింద ఉండగానే ఆ రెండో రకం ఆటను నేర్చుకుంటాడు, అభిమానులకు అది కంటికి ఆనకపోయినా.

రెండో లీగు కూడా ముదురు ఆటగాళ్లకు ఎక్కువ చోటివ్వదు. ఆటకు దింపే 18 మంది స్కేటర్లలో (గోల్‌కీపర్లు కాక మిగిలినవారిలో) అత్యధికులు తక్కువ అనుభవం గల కుర్రవాళ్లే ఉండాలని అక్కడి నియమం. 260 వృత్తి ఆటలు దాటితే ఆ లెక్కనుంచి తప్పుకున్నట్టే. అక్కడికి చేరినవారిలో చాలామంది జర్మనీకో, స్వీడన్‌కో వెళ్లి ఆడుకుంటారు. వెళ్లి తిరిగివచ్చి గెలిచినవారూ ఉన్నారు. టిమ్ థామస్ 1994లో డ్రాఫ్ట్ అయి, ఫిన్లాండ్‌కూ చిన్న లీగులకూ మధ్య తిరిగి తిరిగి, 31 ఏళ్ల వయసులో బాస్టన్‌లో నిలబడి, 37 ఏళ్లకు 2011 స్టాన్లీ కప్పు గెలిపించాడు. అయితే అతణ్ణి చూపించి ఎవరికీ ఆశ పెట్టను.

ప్రశ్న (సర్రే, బ్రిటిష్ కొలంబియా నుంచి ఒక పాఠకుడు): మా అబ్బాయికి పన్నెండేళ్లు, ఇక్కడి పంజాబీ స్నేహితులతో కలిసి ఆడుతున్నాడు. మనవాళ్లెవరైనా ఆ స్థాయికి వెళ్లారా? ఏ దారి మంచిది?

జవాబు: మీ ఊరివాడే ఉన్నాడు. అర్ష్‌దీప్ బెయిన్స్ సర్రేలో పెరిగిన పంజాబీ కుర్రవాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ అడగకపోయినా, రెడ్ డీర్ జూనియర్ జట్టులోనే ఉండి, 2021–22లో 112 పాయింట్లతో పశ్చిమ కెనడా జూనియర్ లీగు పట్టికలో మొదటివాడయ్యాడు. దాంతో 2022 మార్చిలో వాంకూవర్ అతనితో ఒప్పందం చేసుకుని, మీకు దగ్గరలోనే ఉన్న ఆబట్స్‌ఫర్డ్ అనుబంధ జట్టులో పెట్టింది. 2024 ఫిబ్రవరిలో పెద్ద లీగులో తొలి ఆట ఆడాడు. మళ్లీ కిందికి, మళ్లీ పైకి వెళ్లాడు. 2025లో ఆబట్స్‌ఫర్డ్ రెండో లీగు కప్పు గెలిచినప్పుడు ఆ జట్టు శిక్షకుడు, భారతీయ మూలాలున్న మ్యానీ మల్హోత్రా.

దారి విషయానికొస్తే, మీ వైపు పిల్లలు 16 ఏళ్లకు జూనియర్ లీగులో చేరితే అమెరికా విశ్వవిద్యాలయ హాకీకి తలుపు మూసుకుపోయేది. 2025 ఆగస్టు నుంచి ఆ ఆంక్ష తీసేశారు కాబట్టి ఇప్పుడు ముందే తేల్చుకోవలసిన పని లేదు. నన్నడిగితే, చదువు చేతికొచ్చే ఆ దారిని తెరిచే ఉంచమంటాను.

ప్రశ్న (సీడర్ పార్క్ పాఠకురాలే ఉత్తరం చివర అడిగినది): ఉన్నపళంగా పైకి వెళ్లిన ఆ పిల్లవాడు సామానేం చేసుకుంటాడు, ఎక్కడుంటాడు?

జవాబు: ఒక సంచీ, తన హాకీ కర్రలు పట్టుకుని వెళ్లి హోటల్లో దిగుతాడమ్మా. మీ ఊళ్లోని అద్దె ఇల్లు అలాగే ఉంటుంది, ఎందుకంటే మర్నాడే వెనక్కి రావలసి రావచ్చు. కొందరు నెలల తరబడి ఆ హోటల్లోనే ఉండిపోతారు. చివరికి ఒకరోజు జనరల్ మేనేజరో, శిక్షకుడో పిలిచి, ఇక్కడ ఇల్లు చూసుకో అంటాడు. ఆ మాట విన్నాకే కుర్రవాడు సీడర్ పార్క్ ఇంటి యజమానికి ఫోను చేస్తాడు.