ఇరవై నిమిషాలకే టక్కున ఆగిపోతోంది!

ప్రశ్న: మా డెస్క్‌టాప్ ఆన్ చేసిన ఇరవై నిమిషాలకు ఆగిపోతోంది. వెంటనే మళ్లీ పెడితే అయిదు నిమిషాలు కూడా ఉండదు. విండోస్ కొత్తగా వేయించమంటున్నారు. వేయించాలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ ఖర్చు ఇప్పుడే వద్దండి. చల్లారితే నడిచి, వేడిమీద త్వరగా ఆగుతోందంటే ముందు అనుమానించాల్సింది కూలింగ్‌నే. ఆగిన వెంటనే ఆన్ చేసి, బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల తెర) సీపీయూ, అంటే ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. ఊరికే ఉన్నా 80 డిగ్రీలు దాటి ఎక్కుతుంటే దొంగ దొరికినట్టే. 100 దాటాక ప్రాసెసర్ కాలిపోకుండా మెషీన్ తనంతట తానే ఆగిపోతుంది.

ప్లగ్ పీకి పక్క మూత తీయండి. ప్రాసెసర్ మీద వేడిని లాగేసే లోహపు దిమ్మ ఉంటుంది, అదే హీట్‌సింక్. దాని రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో తీయండి. బ్లోయర్ కొడితే ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకోండి. హీట్‌సింక్ నాలుగు పిన్నుల్లో ఒక్కటి ఊడినా అది ప్రాసెసర్‌కు సరిగా ఆనదు. హీట్‌సింక్ తీసి, ప్రాసెసర్‌కూ దానికీ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచి, చిన్న బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ఎక్కువ పూస్తే మేలేం లేదు.

వేడి మామూలుగానే ఉందా? అయితే ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) మెకానిక్‌కు చూపించండి. దాని పసుపు తీగలో 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య రావాలి. దాన్ని మాత్రం ఇంట్లో విప్పొద్దు, ప్లగ్ తీసినా కెపాసిటర్లు షాక్ కొడతాయి.