విండోస్ హోమ్‌లో టెలిమెట్రీని హోస్ట్స్ ఫైల్‌తో ఆపవచ్చా?

విండోస్ 11 హోమ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో హోస్ట్స్ ఫైల్‌కు (ఏ వెబ్ చిరునామా ఎక్కడికి వెళ్లాలో కంప్యూటర్‌కు చెప్పే చిన్న ఫైల్) మైక్రోసాఫ్ట్ చిరునామాల జాబితాను చేరిస్తే టెలిమెట్రీ, అంటే విండోస్ మన వాడకం గురించిన సమాచారాన్ని మైక్రోసాఫ్ట్‌కు పంపడం, పూర్తిగా ఆగుతుందా అని అడిగారు. పూర్తిగా ఆగదు. పైగా, ఆ జాబితాలో ఏమున్నదో చదవకుండా చేరిస్తే భద్రతా అప్‌డేట్లు కూడా ఆగిపోవచ్చు. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట.

2019లో మా అన్నయ్య దుకాణంలో లెక్కలు రాసే విండోస్ 10 కంప్యూటర్‌లో, ఒక్క బటన్ నొక్కితే చాలు, సమాచారం బయటికి పోదని చెప్పే ఒక ఉచిత ప్రోగ్రామ్‌ను నడిపాను. నాలుగు నెలల తర్వాత ప్రింటర్ పని మీద వెళ్లి అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే, ఆ రోజు తర్వాత ఒక్క భద్రతా ప్యాచ్ కూడా దిగలేదని తెలిసింది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి హోస్ట్స్ ఫైల్‌ను చూశాను. 0.0.0.0తో మొదలయ్యే, అంటే పక్కనున్న చిరునామాను అడ్డుకునే, వరుసలు వందకు పైగా ఉన్నాయి. టెలిమెట్రీ చిరునామాల నడుమ విండోస్ అప్‌డేట్ చిరునామాలు కూడా కలిసిపోయి ఉన్నాయి. ఖాతాదారుల బాకీ వివరాలన్నీ ఉన్న కంప్యూటర్‌ను రక్షిస్తున్నాననుకుంటూ నాలుగు నెలలు రక్షణ లేకుండా వదిలేసినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

2020 మధ్య నుంచి, టెలిమెట్రీ చిరునామాలను అడ్డుకునే హోస్ట్స్ ఫైల్‌ను విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ ‘హోస్ట్స్‌ఫైల్‌హైజాక్’ అనే ముప్పుగా చూపుతోంది. తొలగించమంటే ఫైల్‌ను మొదటి స్థితికి తెస్తుంది. విండోస్ తన సెట్టింగ్‌లను దాచుకునే రిజిస్ట్రీలో ‘అలోటెలిమెట్రీ’ విలువను 0 చేయమన్న సలహా కూడా మీకు పనికిరాదు, ఎందుకంటే ఆ 0 ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ వంటి ఎడిషన్లలోనే చెల్లుతుంది. హోమ్, ప్రో ఎడిషన్లు దానిని 1గానే, అంటే తప్పనిసరి డేటాను పంపే స్థాయిగానే, పరిగణిస్తాయి.

కాబట్టి ముందుగా సెట్టింగ్స్‌లో ‘డయాగ్నొస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్’ పేజీకి వెళ్లి ఐచ్ఛిక డేటాను ఆపివేయండి. ఇప్పటికే సేకరించిన డేటాను తొలగించే బటన్ కూడా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత, 2018లో వచ్చిన ‘డయాగ్నొస్టిక్ డేటా వ్యూయర్’ను అదే పేజీ నుంచి తెరిచి, ఒక గంట మామూలుగా పనిచేసుకుని, ఏమేమి వెళ్తున్నాయో చదవండి. దీనికి డిస్క్‌లో 1 జీబీ వరకు స్థలం పట్టవచ్చు. ఏది వెళ్తోందో కళ్లతో చూశాకే ఏది ఆపాలో నిర్ణయించుకోవడం మేలని నా అభిప్రాయం.

అసలు ఈ సేకరణ కొంతైనా తగ్గడానికి వినియోగదారుల జాబితాల కన్నా చట్టమే ఎక్కువ తోడ్పడిందని నేను నమ్ముతాను. ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ విండోస్ 10 అవసరానికి మించి డేటా సేకరిస్తోందని 2016 జూలైలో మైక్రోసాఫ్ట్‌కు నోటీసు ఇచ్చింది. తక్కువ డేటా పంపే ‘బేసిక్’ స్థాయిలో సేకరించే డేటా దాదాపు సగానికి తగ్గిన తర్వాత 2017 జూన్‌లో ఆ వ్యవహారాన్ని ముగించింది.

దుకాణం కంప్యూటర్‌లో ఇప్పుడు హోస్ట్స్ ఫైల్ జోలికి పోవడం లేదు. విండోస్‌లో వెనుక నడిచే పనుల జాబితా అయిన సర్వీసెస్‌లో ‘కనెక్టెడ్ యూజర్ ఎక్స్‌పీరియన్సెస్ అండ్ టెలిమెట్రీ’ని డిజేబుల్ చేసి, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది అలాగే ఉందో లేదో, దానితో పాటు ప్యాచ్‌లు సక్రమంగా దిగుతున్నాయో లేదో చూసుకుంటున్నాను.