బిళ్ళ పేరు చెప్పి, తర్వాత బేరమాడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు పాత నాణేల గురించే ఉన్నాయి. అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకి జరిపి చోటంతా వీటికే ఇస్తున్నా. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఊర్లే వేస్తున్నా.

ప్రశ్న: మా అవ్వ పోయినాక ఆమె ట్రంకు పెట్టె అడుగున గుడ్డలో మూట కట్టిన వెండి రూపాయలు 43 దొరికినాయి. మా ఆయన ఆపరేషన్‌కి డబ్బు అవసరమై ఒక షాపుకి తీసుకెళ్లా. ఆయన పైనున్న ఒక్క బిళ్ళని గీటురాయి మీద గీసి "ఇవన్నీ సగం కలుపేనమ్మా" అన్నాడు. కాటాలో అర కిలో తూగితే పావు కిలో వెండికి లెక్కేసి చేతిలో పెట్టాడు, బిల్లు ఇవ్వలేదు. "అన్నా, ఇవి పాతవి కదా, వెండి కాకుండా వేరే విలువ ఏమన్నా ఉంటదా" అని అడిగా, "కరిగించడానికే పనికొస్తాయి" అన్నాడు. వెళ్లే ముందు అన్నిటినీ స్టీలు పళ్ళెంలో పరిచి, ఏళ్లు కనపడేట్టు ఫోటో తీసి మా తమ్ముడికి పంపా, వాడు రెండు రోజుల తర్వాత చూసి 34 బిళ్ళలు 1940 కంటే ముందువి, 9 మాత్రం 1940 తర్వాతవి, ఒకటి 1911ది అన్నాడు. ఇది మోసమా, నా తెలివితక్కువతనమా? (కావలి)

జవాబు: అమ్మా, ముందు ఆ రెండో మాట తీసేయండి. ఆస్పత్రి ఖర్చు నెత్తిన పెట్టుకుని వెళ్లిన మనిషి ఏం అడగాలో అదే అడిగారు మీరు, అంతకంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, ఐదో జార్జి బొమ్మలున్న రూపాయి బిళ్ళ 11.66 గ్రాములు, అప్పట్లో తులం బరువంటే ఆ బిళ్ళ బరువే. అందులో నూటికి 91.7 వంతులు వెండి, అంటే ఒక్కో బిళ్ళలో 10.69 గ్రాముల అసలు వెండి ఉంటది. రెండో ప్రపంచ యుద్ధంలో వెండి కరువై 1940 నుంచి దాన్ని సగానికి తగ్గించారు కాబట్టి ఆరో జార్జి బొమ్మతో ఆ ఏళ్లలో వచ్చిన వాటిల్లో 5.83 గ్రాములే. మీ 34 బిళ్ళల్లో సుమారు 363 గ్రాములు, 9 బిళ్ళల్లో 52 గ్రాములు, మొత్తం 415 గ్రాముల పైమాటే. చేతులు మారి అరిగిన దానికి కొంచెం తీసేసినా 400కి తగ్గదు. ఆయన ఇచ్చింది 250కి. లెక్క సులువుగా ఉండాలని గ్రాము వంద రూపాయలు అనుకోండి, అక్కడే 15,000 పోయింది, మీరు అమ్మిన రోజు రేటు వేసుకుంటే ఎంత పోయిందో మీకే తెలుస్తది. ఇంతవరకు వెండి లెక్కే, నాణెం విలువ దాకా ఇంకా రానే లేదు.

ఆ 1911 బిళ్ళకి కథ ఉంది. ఐదో జార్జి వేసుకున్న అంగీ మీద ఏనుగు బొమ్మ చెక్కారు గానీ తొండం పొట్టిగా పడి అది పందిలా కనపడింది, జనం గోల చేసేసరికి ప్రభుత్వం చాలా వాటిని వెనక్కి తీసుకుని కరిగించింది, మరుసటి ఏడు 1912లో ఏనుగుని సరిగ్గా చెక్కి కొత్తవి వేశారు. అందుకే 1911ది దొరికితే నాణేలు పోగేసేవాళ్లు వెండి ధర మీద బాగానే ఎక్కువ ఇస్తారు. లక్షలేమీ కాదు, అట్టా ఆశ పెట్టను మీకు, కానీ కరిగించే సామాను మాత్రం కాదది.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట ఆలోచించా. గీటురాయి మీద గీసిన ఆ ఒక్క బిళ్ళ ఆ తొమ్మిదిలోదే అయ్యుండొచ్చు, దాంట్లో నిజంగానే సగం కలుపు ఉంటది. కానీ రోజూ వెండి తూచే మనిషికి 43 బిళ్ళల్లో ఒక్కటి గీసి "అన్నీ" అనకూడదని తెలీదా? ఏళ్లు పైకే కనపడుతున్నాయి కదా. తక్కువ ధరకి అడిగినందుకు నేను ఆయన్ని తప్పు పట్టడం లేదు, ఎవరి షాపు వాళ్లది, ఎవరి లాభం వాళ్లది. తప్పంతా "సగం కలుపు" "కరిగించడానికే" అన్న ఆ రెండు మాటల్లో ఉంది. మీరు అడిగారు, ఆయన లేనిది చెప్పాడు, ఆ మాట నమ్మి మీరు ఇచ్చారు.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో కూడా ఇదే తేడా ఉంది. తెలిసి అబద్ధం చెప్పి ఒప్పిస్తే అది 17వ సెక్షన్ కింద మోసం, అట్టా ఒప్పించిన బేరాన్ని మోసపోయినవాళ్లు 19వ సెక్షన్ కింద రద్దు చేసుకోవచ్చు. ధర మరీ తక్కువైనంత మాత్రాన బేరం చెల్లకుండా పోదు గానీ, అమ్మినవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా లేదా తేల్చేటప్పుడు కోర్టు ఆ ధరని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని 25వ సెక్షన్‌లో ఉంది. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లమని ఎవరన్నా అంటే అది ఇక్కడ కుదరదు, ఎందుకంటే మీరు కొన్నవాళ్లు కాదు, అమ్మినవాళ్లు.

కోర్టు దాకా ఎందుకు, ముందు ఆ ఫోటో, ఈ లెక్క ఒక కాయితం మీద రాసుకుని ఊళ్లో నలుగురూ గౌరవించే పెద్దమనిషిని తోడు పెట్టుకుని ఇవాళే వెళ్లండి. బిళ్ళలు ఇంకా కరిగించి ఉండకపోతే డబ్బు తిరిగిచ్చి బిళ్ళలు తీసుకోండి, కరిగించి ఉంటే తేడా అడగండి. గొంతు పెంచొద్దు, 1911 బిళ్ళ ఏదన్నా అని అదొక్కటే ముందు అడగండి, జవాబు ఎట్టా వస్తదో చూసి మిగతాది మాట్లాడండి.

ప్రశ్న: నేను పాత నాణేలు కొని అమ్ముతుంటా. పాతికేళ్లు పుస్తకాలు చదివి, నకిలీలు కొని నష్టపోయి, తిరిగి తిరిగి నేర్చుకున్నా. నా దగ్గరికి వచ్చినవాళ్లకి తెలీకపోతే అది నా తప్పా? ఉల్లిపాయలు కొనేవాడు రేపు రేటు పెరగబోతోందని రైతుకి చెప్తాడా? మమ్మల్నే ఎందుకు దొంగల్లా చూస్తారు? (ఒంగోలు)

జవాబు: అన్నా, మీ కోపంలో సగం న్యాయం ఉంది. నాణెం కొన్నాక అది అమ్ముడుపోయేదాకా ఏళ్లు పట్టొచ్చు, ఈలోపు డబ్బు ఇరుక్కుపోతది, షాపు అద్దె ఆగదు, నకిలీ అని తేలితే మొత్తం నీళ్లపాలే. మీరు రెండు వేలకి అమ్మేదాన్ని వెయ్యికి కొంటే నేను అన్యాయం అనను. ఇంకో వ్యాపారితోనో, నాణేల ఎగ్జిబిషన్‌లో టేబుల్ వేసుకుని కూర్చున్నవాళ్లతోనో మీరు నోరు మూసుకుని బేరమాడినా నాకేం అభ్యంతరం లేదు, వాళ్లూ చదువుకునే వచ్చారు.

ఉల్లిపాయల పోలిక మాత్రం కుదరదు. రైతుకి తను అమ్మేది ఉల్లిపాయలని తెలుసు, రేపటి రేటే తెలీదు. మీ దగ్గరికి మూట పట్టుకొచ్చిన ముసలామెకి తన చేతిలో ఉన్నది ఏందో కూడా తెలీదు. ఆమె "నాయనా ఇదేంది, చూసి చెప్పు" అంటది చూడండి, ఆ నిమిషానికి మీరు కొనేవాళ్లు కాదు, విలువ కట్టే మనిషి. కాటా రెండు పళ్ళేలూ మీ చేతిలో పెట్టింది ఆమె. నేను చెప్పిన చట్టంలోనే గుర్రం ఉదాహరణ ఒకటుంది: గుర్రానికి జబ్బుందని తెలిసీ అమ్మేవాడు ఏమీ మాట్లాడకపోతే మోసం కాదు, కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే బాగుందనే అనుకుంటా" అన్నాక కూడా వాడు నోరు తెరవకపోతే ఆ మౌనం మాటతో సమానం. 1872లోనే అంత స్పష్టంగా రాసిపెట్టారు, అక్కడ అమ్మేవాడి గురించి చెప్పింది ఇక్కడ కొనేవాళ్లకీ సరిపోతదని నా నమ్మకం.

నా మనసులో ఉన్నది చెప్తా. పద్దెనిమిదేళ్ల కింద ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన పౌడర్ డబ్బాలో కొన్ని చిల్లు కానీలు, వాటితో పాటు ఒక పెద్ద వెండి బిళ్ళ తెచ్చాడు. ఒకవైపు గుడి గోపురం చుట్టూ చుక్కలు, ఇంకోవైపు దేవుడి బొమ్మ, దాని చుట్టూ తమిళ అక్షరాలు, వాటి పక్కనే తెలుగు అక్షరాలు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు మద్రాసులో 1800 దాటిన కొత్తల్లో వేసిన అర వరహా అది, ఇరవై గ్రాముల పైచిలుకు ఉంటది. తెలుగు అక్షరాలు చూసి నా గుండె ఆగినంత పనైంది. ఆయన "ఏదన్నా గుడి బిళ్ళ అంటావా బాబూ" అన్నాడు. నేను "అట్టాంటిదే" అని వెండి రేటు ఇచ్చి తీసుకున్నా. ఆయన ఆ డబ్బుతో బస్సెక్కి పోయాడు. తర్వాత రెండుసార్లు ఆ ఊరెళ్లి వెతికినా దొరకలేదు. ఆ బిళ్ళ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అమ్మబుద్ధి కాదు, ఎవరికన్నా చూపించబుద్ధీ కాదు.

అందుకని మీకు ఒక్కటే చెప్పగలను. బిళ్ళ పేరు చెప్పండి, ఏ కాలందో చెప్పండి, మామూలుగా ఎంతకి పోతదో ఉజ్జాయింపుగా చెప్పండి, ఆ తర్వాత "నేనింతే ఇస్తా, ఎందుకంటే నాకు ఇన్ని ఖర్చులున్నాయి" అనండి. చాలామంది మీకే ఇచ్చిపోతారు, ఎందుకంటే వాళ్లకి ఇంకో షాపు వెతికే ఓపిక ఉండదు. ఇద్దరు మాత్రం ఇవ్వకుండా పోతారు, పోనీయండి, వాళ్లే రేపు పదిమందిని మీ దగ్గరికి పంపిస్తారు.

ప్రశ్న: చెరువు పూడిక తీస్తుంటే మా బావకి చిన్న ముంత నిండా రాగి, సీసం బిళ్ళలు దొరికాయి. టౌన్ నుంచి వచ్చిన ఒకాయన ఇరవై వేలిస్తా, ఎవరికీ చెప్పొద్దు అంటున్నాడు. ఇంకొంచెం పెంచమని అడగొచ్చా? (కనిగిరి దగ్గర)

జవాబు: తమ్ముడూ, బేరం ఆపండి. ఇది మీ అవ్వ దాచిపెట్టిన సొమ్ము కాదు, భూమిలో దొరికిన నిధి. 1878 చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన విలువున్న నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి తెలియజేయాలి, దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లి కలెక్టర్ పేరు మీద కాయితం రాసిచ్చి, రసీదు తీసుకోండి. ముంత కడగొద్దు, బిళ్ళల్ని చింతపండుతో తోమొద్దు. "ఎవరికీ చెప్పొద్దు" అన్నాడంటేనే ఆయనకి ఆ చట్టం తెలుసని అర్థం, పట్టుబడితే ఇరుక్కునేది మీ బావ.

మన వైపు ఇట్టాంటిదే ఒకటి రికార్డుకెక్కింది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది, తవ్వితే పాత గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు, ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టినా రాణివి. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, కొన్నవాళ్లు చాలావాటిని కరిగించేశారు, ఆర్కాటు నవాబు కుటుంబానికి చెందిన అమీర్ ఉల్ ఉమరా ముప్పై పైచిలుకు మాత్రం వెనక్కి రాబట్టగలిగాడు. అంతకుముందు మద్రాసు గవర్నర్‌గా చేసిన డేవిడ్సన్ 1787లో రాసిన ఉత్తరం వల్ల మనకి ఈ మాత్రమన్నా తెలిసింది. సుమారు పద్దెనిమిది, పంతొమ్మిది వందల ఏళ్ల కింద సముద్రం దాటి మన ఒడ్డుకి వచ్చిన బంగారం ఎవరి మెడలో గొలుసైందో ఎవరికీ తెలీదు. మీ సీసం బిళ్ళల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉందేమో చూడండి, ఉంటే అవి శాతవాహనులవి కావచ్చు. ఉన్నా లేకపోయినా వెళ్లాల్సింది తహసీల్దార్ ఆఫీసుకే.

ప్రశ్న: వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకి పది లక్షలిస్తామని ఫోన్ చేశారు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు 2,500 కట్టమంటున్నారు. కట్టాలా? (సింగరాయకొండ)

జవాబు: కట్టొద్దు. ఆ బిళ్ళలు 2012లో వచ్చినవి, బజార్లో చిల్లర కింద కూడా దొరుకుతాయి. ఇట్టా కమిషన్లు, ఫీజులు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది, పాత నాణేలు కొనే పని ఆ బ్యాంక్ చెయ్యదు. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబర్ 1930కి ఫోన్ చెయ్యండి, గంటల్లో చేస్తే డబ్బు ఆపడానికి వీలుంటది.