చవగ్గా కొన్న పేపర్ షేరు లేవడం లేదు.. ఉంచాలా, అమ్మాలా?

ప్రశ్న: 2023 మొదట్లో ఓ పేపర్ మిల్లు షేర్లు 240 రూపాయల చొప్పున 400 కొన్నాను. అప్పుడు పీఈ (షేరు ధర దాని ఏడాది లాభానికి ఎన్ని రెట్లు) 4 మాత్రమే. మార్కెట్ అంతా పెరిగినా ఇది 190కి పడింది. నాది వాల్యూ ఇన్వెస్టింగ్ (అసలు విలువకన్నా చవగ్గా దొరికేవి కొనే) పద్ధతి. ఓపిక పట్టాలా? ఇంకో 300 కొని సగటు తగ్గించుకోనా? నా షేర్లన్నింటి విలువ 8 లక్షలు. – ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇప్పటికి ఉంచుకోండి. కొత్తగా మాత్రం ఒక్క షేరూ కొనకండి.

అసలు మీరు అనుకున్నంత చవగ్గా అది మీకు దొరకలేదు. 240 దగ్గర పీఈ 4 అంటే ఈపీఎస్ (ఒక్కో షేరుకు ఏడాది లాభం) 60 రూపాయలు. 2022-23 పేపర్ మిల్లులకు లాభాల పంట పండిన ఏడాది. ఆ తర్వాత విదేశాల నుంచి చవక కాగితం వచ్చి పడింది, ఇక్కడ కాగితం తయారీకి వాడే కర్ర ధర పెరిగింది. మీరు పంపిన ఫలితాల్లో గత నాలుగు త్రైమాసికాల ఈపీఎస్ 15. అంటే ధర పడినా పీఈ 13కి దగ్గరైంది! కాగితం, ఉక్కు, చక్కెర లాంటి వాటిలో పీఈ ఎప్పుడూ ఇలాగే తిరగబడి కనిపిస్తుంది. లాభాలు శిఖరాన ఉన్నప్పుడు తక్కువ, అడుగంటినప్పుడు ఎక్కువ. అందుకే వీటికి పదేళ్ల సగటు ఈపీఎస్ తీసుకోవాలి. మీ కంపెనీకి అది 24. ఆ లెక్కన మీరు కొన్నది 10 రెట్ల దగ్గర, ఇప్పుడున్నది 8 రెట్ల దగ్గర. కాస్త చవకే, కారుచవక కాదు.

ఇక ఎదురుచూపు ఎంతకాలం? సుబాబుల్, జామాయిల్ గిట్టుబాటు కాక తోటలు తీసేసిన రైతులు మీ జిల్లాలోనే ఉంటారు. ధర చూసి మళ్లీ మొక్క నాటినా కర్ర చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కాబట్టి మిల్లుల ఖర్చు ఒక్క సీజన్‌లో దిగదు.

అంతవరకు కంపెనీ నిలబడుతుందా అన్నదే అసలు ప్రశ్న. వార్షిక నివేదికలో కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలతో కలిపిన) లెక్కలు తెరవండి. నిర్వహణ లాభాన్ని, అంటే వడ్డీకి, పన్నుకు ముందున్న మొత్తాన్ని, వడ్డీ ఖర్చుతో భాగించండి. 3 పైన ఉంటే నిశ్చింత. 2 కంటే తగ్గితే అమ్మేయండి. మంచి రోజుల్లో అప్పు చేసి కొత్త మెషీన్ పెట్టిన మిల్లులే ఇలాంటప్పుడు ఇరుక్కుంటాయి. తర్వాత క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. అయిదేళ్ల నికర లాభం కూడి, కార్యకలాపాల ద్వారా వచ్చిన నగదు మొత్తంతో పోల్చండి. పేపర్ మిల్లుకు తరుగుదల (లాభంలోంచి తీసేసినా చేతి నుంచి నగదు పోని ఖర్చు) ఎక్కువ కాబట్టి నగదే ఎక్కువగా ఉండాలి. తక్కువుంటే డీలర్ల దగ్గర బాకీలు, గోదాముల్లో సరుకు పేరుకుపోయాయేమో చూడాలి. ప్రమోటర్లు (కంపెనీని నడిపే ప్రధాన యజమానులు) షేర్లు తాకట్టు పెట్టారా అన్నది త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా ఎక్స్ఛేంజీ సైట్‌లో తెలుస్తుంది. తాకట్టు పెరుగుతుంటే మిగతావన్నీ బాగున్నా నేనైతే బయటికి రమ్మంటాను. షేరు ధర పుస్తక విలువకన్నా (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే ఒక్కో షేరుకు మిగిలేదానికన్నా) తక్కువ ఉందన్న ధీమా వద్దు. మిల్లు స్థలం అమ్మి ఆ డబ్బు వాటాదారులకు పంచేవాళ్లు అరుదు.

ఇంకో 300 కొంటే సగటు 219కి దిగుతుంది, నిజమే. కానీ మొత్తంలో దీని వాటా సుమారు 9.5 శాతం నుంచి 15.5 శాతానికి ఎక్కుతుంది. లాభాలు ఇంతగా ఊగే రంగంలో ఒక్క కంపెనీకి 10 శాతమే ఎక్కువ. వరుసగా రెండు త్రైమాసికాలు మార్జిన్ (అమ్మకాల్లో లాభం శాతం) పెరిగాక 210 పెట్టి కొన్నా నష్టం లేదు.

పన్ను కలిసొస్తుందని అమ్మాలనుకుంటే ఓసారి ఆగండి. మీ 20 వేల నష్టం దీర్ఘకాలికం (ఏడాది దాటి ఉంచుకున్న షేర్లది), కాబట్టి దీర్ఘకాలిక లాభాల్లోంచే తగ్గించుకోవాలి. ఈ ఏడాది ఆ లాభాలు 1.25 లక్షల లోపుంటే ఎలాగూ పన్ను లేదు, నష్టం వృథాగా సర్దుబాటైపోతుంది. దాటితే 12.5 శాతం చొప్పున మిగిలేది 2,500 రూపాయలు. లాభాలే లేకపోతే గడువులోగా రిటర్ను వేసి ఎనిమిదేళ్ల దాకా ఆ నష్టాన్ని ముందుకు తీసుకెళ్లొచ్చు.