గొంతు ఒకటే, మనుషులు ఇద్దరు

ప్రశ్న: ఇంట్లో స్మార్ట్ స్పీకర్‌కి మావారి గొంతు నేర్పించాం. మా మరిది "ఇవాళ నా పనులేంటి?" అని అడిగినా మావారివే చదివేస్తోంది. పాడైందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాడవలేదమ్మా. ఫోన్లో "హలో" అంటే పెద్దాడో చిన్నాడో మీ అత్తగారే ఒక్కోసారి పోల్చుకోలేరు కదా! స్పీకర్ గొంతు తీరుని అంకెలుగా మార్చి, దాచుకున్న నమూనాకి బాగా దగ్గరైతే ఒప్పేసుకుంటుంది. హాల్లో టీవీ మోగుతుంటే మరీ తికమక. మరిదిగారి గొంతూ విడిగా నమోదు చేయించండి. అప్పటికీ తడబడితే, సొంత విషయాలు చదవడం సెట్టింగ్స్‌లో ఆపేయండి.

ముఖమైతే నయమా అంటారేమో. 2017లో వచ్చిన, ముఖం చూసి ఫోన్ తాళం తీసే ఆపిల్ ఫేస్ ఐడీ కంటికి కనపడని 30,000కు పైగా చుక్కలతో ముఖం లోతు కొలుస్తుంది, ఫొటోకి లొంగదు. కానీ కవలలు, ఒకే పోలికున్న తోబుట్టువుల దగ్గర పొరబడే అవకాశం ఎక్కువని ఆ కంపెనీయే చెబుతోంది. అందుకే గొంతుతోనో ముఖంతోనో తెరుచుకునే తాళం పెట్టాలనుకుంటే వద్దు, మీ వీధి తలుపుకి పిన్ నంబరే పెట్టించండి.